తపస్సుమాను ఎక్కిన గొంతు

డీప్ పర్పుల్ పాటలు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలని ఎవరు అడిగినా 'స్మోక్ ఆన్ ది వాటర్' అని చెప్తారు. గిటార్ కొన్న ప్రతి కుర్రాడూ మొదటి వారంలో వాయించేది అదే. బెంగళూరులో నేను మూడు అద్దె ఇళ్లు మారాను. మూడుచోట్లా పై అంతస్తులోనో పక్క సందులోనో ఎవరో ఒకరు ఆ ముక్కని తప్పుగా వాయిస్తూనే ఉన్నారు. నా సలహా వేరే. ముందు 'చైల్డ్ ఇన్ టైమ్' వినండి. అది కూడా స్టూడియోలో చేసింది కాదు, 1972లో జపాన్‌లో జనం ముందు పాడింది. ఎందుకో చెప్పాలంటే ఒకసారి బి.కొత్తకోట దాకా వెళ్లి రావాలి.

బి అంటే బీరంగి. హార్స్‌లీ కొండకి దగ్గర్లో, మదనపల్లెకి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం సెలవులకి ఇంటికొస్తూ బెంగళూరు ఫుట్‌పాత్ మీద ఒక ఎంపీత్రీ సీడీ కొనుక్కొచ్చాను. నూటికి పైగా పాటలు, సగం పాటలకి పేర్లు తప్పు. మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లు కునుకు తీసే వేళ దాన్ని పెట్టాను. వరండాలో మంచం మీద మా చిన్నాయన పడుకుని ఉన్నాడు. ఆర్గన్ మెల్లగా మొదలైంది, ఆయన కదల్లేదు. పాట మొదలైంది, కదల్లేదు. తర్వాత పాటలో మాటలైపోయి ఉత్త గొంతు మిగిలింది. అది ఒక మెట్టు ఎక్కింది, ఇంకో మెట్టు ఎక్కింది, మూడోసారి పైకి లేచేసరికి చిన్నాయన లేచి కూచున్నాడు.

"ఎవుర్రా వీడు? తపస్సుమాను ఎక్కినోని మాదిరి అరస్తాండాడే!"

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు కోపమొచ్చి ఆపేశాను. ఇంగ్లీషు పాటని వీధినాటకంతో పోల్చడమంటే అప్పట్లో నాకు అవమానం. పాట గురించి ఇంతకంటే తెలివైన మాట నేను ఇంకెక్కడా వినలేదని అర్థమవడానికి పదేళ్లు పట్టింది.

తపస్సుమాను చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. చిత్తూరు సీమలో ఎండాకాలం వస్తే ద్రౌపది గుళ్ల దగ్గర, ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేసే ఘట్టం వచ్చినరోజు బయట మైదానంలో నిలువెత్తు మాను పాతుతారు. అర్జునుడి వేషం కట్టినవాడు దాన్ని ఎక్కుతూ పాడతాడు. ఒక్కో మెట్టుకీ ఒక పద్యమో పాటో ఉంటుంది. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు కొంగులు పట్టి నిలబడతారు. కింద నుంచి హార్మోనియం శ్రుతి ఇస్తూనే ఉంటుంది, కానీ ఎక్కేకొద్దీ దూరమవుతుంది. గొంతు మాత్రం కింద జనం ఆ చివర దాకా వినిపించాలి. మైకులు వచ్చాక కూడా మాను మీద పాడేవాడి గొంతులో ఆ పాత లెక్కే ఉంటుంది. పైకి పోయేకొద్దీ గట్టిగా, సన్నగా, కొసన కత్తి మొనలాగా ఉండాలి.

మా చిన్నాయన ఆ వేషం కట్టినవాడే. పుంగనూరు దిక్కు ఊళ్లకి పిలిస్తే పోయేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి చూశాను. ఆయన ఎక్కుతుంటే భయమేసింది. భయం ఎత్తు గురించి కాదు. 'ఇంకా పైకి పాడగలడా?' అని.

సరిగ్గా ఆ భయమే 'చైల్డ్ ఇన్ టైమ్' పాటకి ప్రాణం. పాట నిర్మాణం చాలా సాదా. జాన్ లార్డ్ ఆర్గన్ మీద మూడు నాలుగు స్వరాలు పదేపదే తిప్పుతాడు. స్వరాల లెక్కలో చూస్తే నఠభైరవికి దగ్గర. ఇయాన్ గిలన్ చాలా నిదానంగా నాలుగు మాటలు పాడతాడు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో రాసిన పాట, తుపాకీ గుండు వచ్చే దారిలో నిలబడ్డ మనిషి గురించి. తర్వాత మాటలుండవు. గొంతు ముందు గొణుగుతున్నట్టు, తర్వాత ఏడుస్తున్నట్టు, తర్వాత ఒక స్థాయి పైకి దూకి కేకగా మారుతుంది. మూడు మెట్లు, అంతే. ఆ తర్వాత రిచీ బ్లాక్‌మోర్ గిటార్ అందుకుంటాడు, వేగం పెరుగుతూ పోయి ఒక్కసారిగా తెగుతుంది. మళ్లీ నిశ్శబ్దం, ఆర్గన్, మళ్లీ మొదటి మెట్టు. ఒకసారి ఎక్కి దిగినవాడు రెండోసారి ఎక్కడం చూడ్డం ఉందే, అది ఇంకో రకం భయం.

ఈ పాట ఎక్కణ్నుంచి వచ్చిందనేది సరదా కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే' అనే బృందం ఉండేది. వయొలిన్ వాయించే డేవిడ్ లాఫ్లేమ్ దాని నాయకుడు. వాళ్ల 1969 రికార్డులో 'బాంబే కాలింగ్' అని మాటల్లేని బాణీ ఒకటుంది. చురుగ్గా, దాదాపు డాన్సు పాటలాగా సాగుతుంది. డీప్ పర్పుల్ రిహార్సల్లో జాన్ లార్డ్ దాన్ని సరదాగా వాయిస్తుంటే మిగతావాళ్లు పట్టుకున్నారు, బాగా నెమ్మది చేశారు, గిలన్ దానిమీద పాడటం మొదలుపెట్టాడు. కాపీ అంటారా? అనొచ్చు. వాళ్లు దాచుకోలేదు కూడా. బదులుగా ఆ శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు డీప్ పర్పుల్ పాత బాణీ 'రింగ్ దట్ నెక్'ని తీసుకుని తమ రెండో రికార్డులో 'డాన్ అండ్ డ్యూయీ'గా వాడుకున్నారు. ఇరుగుపొరుగు చక్కెర అప్పు తీర్చుకున్నట్టు. 'బ్లాక్ నైట్' అని 1970లో ఇంగ్లండ్‌లో రెండో స్థానం దాకా పోయిన పాటకి మూలం రికీ నెల్సన్ 1962లో పాడిన 'సమ్మర్‌టైమ్'లో ఉన్న గిటార్ ముక్క. మన సినిమా పాట ఏదైనా ఇంగ్లీషు బాణీకి దగ్గరగా ఉంటే యూట్యూబ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి పట్టేశాం అని సంబరపడుతుంటాం కదా. 'బాంబే కాలింగ్', 'చైల్డ్ ఇన్ టైమ్' కూడా అట్లే పక్కపక్కన పెట్టి వినండి. స్వరాలు అవే. ఒకటి హాయిగా నడిచిపోతుంది, రెండోది గొంతు పట్టుకుంటుంది. వేగం తగ్గించడం అనే ఒక్క పని ఎంత దూరం తీసుకుపోగలదో తెలుస్తుంది.

పాటలు ఊళ్లు మారడం మదనపల్లె వాళ్లకి కొత్తకాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమన పాడి వినిపించారు, ఇంగ్లీషులోకి అనువదించారు. దాని స్వరాలు రాసిపెట్టింది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లండ్ నుంచి వచ్చిన సంగీతజ్ఞురాలు. బెంగాలీ కవి పాట, తెలుగు ఊరు, ఐరిష్ చెయ్యి. రాక్ మన సంగీతం కాదు అని ఎవరైనా అంటే నేను వాదించను, ఈ సంగతి మాత్రం చెప్పి ఊరుకుంటాను.

బాంబే పేరుతో పుట్టిన ఆ బాణీని తీసుకున్న బృందం 1995 ఏప్రిల్‌లో నిజంగానే బాంబేకి వచ్చి పాడింది. ఆ కచేరీ వీడియోకి పెట్టిన పేరు ఏమిటో ఊహించొచ్చు: 'బాంబే కాలింగ్'.

ఇప్పుడు జపాన్ సంగతి. 1968లో ఇంగ్లండ్‌లో మొదలైన డీప్ పర్పుల్‌లోకి గిలన్, బాస్ వాయించే రోజర్ గ్లోవర్ వచ్చింది 1969లో. అదే ఏడాది సెప్టెంబర్‌లో జాన్ లార్డ్ రాసిన కాన్‌చెర్టోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. పేరొచ్చింది కానీ బ్లాక్‌మోర్‌కి నచ్చలేదు, గట్టిగా వాయించే రాక్ కావాలన్నాడు. ఫలితం 1970 నాటి 'డీప్ పర్పుల్ ఇన్ రాక్'. 'చైల్డ్ ఇన్ టైమ్' అందులోదే, పది నిమిషాలు పైన. ఆ కేక పుణ్యాన 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' రికార్డులో జీసస్ పాత్ర పాడే అవకాశం కూడా గిలన్‌కి అదే ఏడాది వచ్చింది. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో కచేరీలు. (మొదటి రాత్రి మనకి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా పాతికేళ్లు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, నాకు తేదీలు గుర్తుంటాయి, అంతే.) వాటిని రికార్డు చేయమని అడిగింది జపాన్ కంపెనీ. బృందానికి పెద్దగా ఇష్టం లేదు, తమ ఇంజనీరు మార్టిన్ బర్చ్ ఉంటేనే సరే అన్నారు. అలా వచ్చింది 'మేడ్ ఇన్ జపాన్'.

అందులో 'చైల్డ్ ఇన్ టైమ్' 16వ తేదీ రాత్రిది. గిలన్‌కి ఇరవయ్యేడు నిండటానికి మూడు రోజులుంది. ఆ గొంతులో శ్రమ తెలియదు. స్టూడియో రికార్డులో మూడో మెట్టు బాగా అరిచినట్టుంటుంది, జపాన్‌లో తేలిగ్గా, ఎక్కడో పైన నిలబడి కిందికి చూస్తూ పాడినట్టుంటుంది. ఇంకోటి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జాన్ లార్డ్‌ని వినండి. ఆయన హామండ్ ఆర్గన్‌ని గిటార్లకి వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కి తగిలించి వాయించేవాడు, అందుకే ఆ గరగర. కానీ గిలన్ ఎక్కేటప్పుడు ఆ గరగర అంతా దాచుకుని ఉత్త శ్రుతి పట్టుకుని ఉంటాడు. మాను కింద కూచున్న హార్మోనియం మనిషి చేసే పని అదే.

ఇక మిగతా పాటలు. 'మేడ్ ఇన్ జపాన్' మొత్తం వినండని చెప్పను. 'స్పేస్ ట్రకిన్' ' అందులో ఇరవై నిమిషాలు ఉంటుంది, నేను రెండుసార్లు పూర్తిగా విన్నాను, రెండూ వోల్వో బస్సు చింతామణి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడే. 'హైవే స్టార్' మాత్రం వదలొద్దు. 1971లో పోర్ట్స్‌మౌత్‌కి పోయే బస్సులో ఒక విలేఖరి మీరు పాటలెలా కడతారని అడిగితే, ఇదిగో ఇలా అని బ్లాక్‌మోర్ గిటార్ తీసి ఒకే స్వరం టకటకా వాయించాడు, గిలన్ నోటికొచ్చింది కలిపాడు, ఆ రాత్రే స్టేజి మీద పాడేశారు. స్టూడియోలో చేసినది 1972 'మెషీన్ హెడ్' రికార్డులో ఉంది. ఇందులో ఆర్గన్ సోలో, గిటార్ సోలో రెండూ బాఖ్ పద్ధతిలో కట్టినవి, మెట్లమెట్లుగా దిగుతాయి, ఎక్కుతాయి. పరుగెత్తే పాటలో ఇంత పద్ధతి ఏమిటని మొదటిసారి నవ్వొస్తుంది. నా వరకు ఇది పరీక్షల ముందు రాత్రి పాట, ఇప్పుడు రిలీజు ముందు రాత్రి పాట.

'స్మోక్ ఆన్ ది వాటర్'ని మొదట్లో పక్కన పెట్టమన్నాను కదా, దానికి న్యాయం చేయాలి. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో కసీనో తగలబడింది. ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా జనంలో ఎవడో ఫ్లేర్ తుపాకీ పేల్చాడు. డీప్ పర్పుల్ మరుసటిరోజు నుంచి అక్కడే రికార్డింగు చేయాల్సింది. లోపల చిక్కుకున్న కుర్రవాళ్లని బయటికి లాగినవాళ్లలో ఉత్సవ నిర్వాహకుడు క్లాడ్ నోబ్స్ ఒకడు. పాటలో ఆయన పేరు వస్తుంది. సరస్సు మీద పొగ కమ్ముకోవడం అందరూ చూశారు. ఆ పేరు గ్లోవర్‌కి నిద్రలోంచి లేస్తూ తట్టిందట. తర్వాత పెవిలియన్ అనే థియేటర్‌కి మారారు. ఈ పాట గిటార్ భాగం అక్కడ రికార్డు చేస్తుంటే చప్పుడుకి చుట్టుపక్కల వాళ్లు పోలీసుల్ని పిలిచారు, టేకు అయ్యేదాకా బృందం మనుషులు తలుపులకి అడ్డం నిలబడ్డారు. చివరికి చలికాలం కావడంతో మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని రికార్డు పూర్తిచేశారు. జరిగింది జరిగినట్టు చెప్పిన పాట ఇది, మన బుర్రకథలు చెప్పినట్టే. ఆ ముక్కలో ఉన్నవి షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ఆ పక్కనే తళుక్కుమనే ప్రతి మధ్యమం. మన రాగాల్లో చాలావాటిలో ఒక మధ్యమం ఉంటే రెండోదానికి చోటుండదు. ఆ రెండూ ఒరుసుకోవడంలోనే పాట మజా ఉంది. మా పై అంతస్తు కుర్రాడు తప్పుతున్నది కూడా అక్కడే.

అదే రోజుల్లో రికార్డు చేసి, ఆల్బమ్‌లో పెట్టకుండా ఒక సింగిల్ వెనకవైపు పడేసిన పాట 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్'. బ్లాక్‌మోర్‌కి ఇష్టం లేదట. ఆయన తప్పు. నిదానంగా, కేకల్లేకుండా గిలన్ పాడిన పాటల్లో ఇదే గొప్పది. అరిచేవాడి గొంతు అరవకుండా ఉన్నప్పుడు ఏం చేయగలదో ఇందులో ఉంది.

గిలన్, గ్లోవర్ 1973లో వెళ్లిపోయారు. బట్టల కొట్లో పనిచేస్తున్న డేవిడ్ కవర్డేల్ అనే కుర్రాడు గాయకుడయ్యాడు. 1974లో 'బర్న్' వచ్చింది. దీన్ని డ్రమ్స్ కోసం వినాలి. పాట అంతా ఇయాన్ పేస్ పూనకం వచ్చినట్టు వాయిస్తాడు, మా దిక్కు జాతరలో పలకలు వాయించేవాళ్లు చూస్తే మెచ్చుకుంటారు. ఎవరు వచ్చినా ఎవరు పోయినా బృందంలో మొదట్నుంచీ ఉన్నవాడు ఆయనొక్కడే. అదే ఏడాది 'స్టార్మ్‌బ్రింగర్'లో చివరి పాట 'సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్' మూడు నిమిషాల పైన చిన్న పాట, అలసిపోయిన మనిషిది. 1976లో బృందం విడిపోయింది. 1984లో పాతవాళ్లు మళ్లీ కలిసి చేసిన 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్'లో టైటిల్ పాట మొదట్లో ఆర్గన్ ఒక్కటే వస్తుంది, ఏళ్ల తర్వాత ఇంటికొచ్చి తలుపు తీసినట్టు. తర్వాతి రికార్డుల్లో నేను మళ్లీ మళ్లీ వినేది ఒక్కటే, 1996 నాటి 'సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్'. అప్పటికి బ్లాక్‌మోర్ లేడు, స్టీవ్ మోర్స్ వచ్చాడు. పాట పేరులో కేక ఉంది, పాటలో గిలన్ దాన్ని జాగ్రత్తగా వాడతాడు.

ఎందుకు జాగ్రత్త అంటే, గిలన్ 'చైల్డ్ ఇన్ టైమ్' పాడటం మానేశాడు. 2002 తర్వాత కచేరీల్లో అది లేదు. కుర్రతనంలో అది తనకి ఒలింపిక్ పోటీలాంటిదని, వయసు మీద పడ్డాక సరిగ్గా రాలేదనిపించి, సగం సగం పాడేకంటే పాడకపోవడమే మేలనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అభిమానులు అడుగుతూనే ఉన్నారు. శ్రుతి తగ్గించుకుని పాడొచ్చు, ఆ కేకలు గిటార్‌కి అప్పజెప్పొచ్చు. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌తో ఏ గొంతునైనా ఎక్కడికైనా ఎక్కించొచ్చు, ఆ పని ఎంత సులువో నాకు వృత్తిరీత్యా తెలుసు. ఆయన ఏదీ చేయలేదు. మొదట్లో నాకిది గర్వం అనిపించేది. ఇప్పుడు అనిపించదు, దానికి కారణం మళ్లీ మా ఇల్లే.

చిన్నాయన అర్జునుడి వేషం మానేసి చాలా ఏళ్లయింది. కాళ్లు బాగానే ఉన్నాయి, మాను ఎక్కగలడు. గొంతే పైకి పోలేదు. చివరిసారి ఎక్కినప్పుడు సగం దూరంలో పద్యం కిందిస్థాయిలోకి దించేశాడట. జనం గమనించలేదు, విభూతి పట్టుకున్నారు, దండం పెట్టుకున్నారు. హార్మోనియం మనిషి గమనించాడు. దిగొచ్చాక ఆయన ఏమీ అనకుండా బీడీ ఇచ్చాడని చిన్నాయన చెప్తాడు. మరుసటేడు పిలుపొస్తే వేరే కుర్రోణ్ని చూసుకోమన్నాడు. ఇప్పుడు భారతానికి పోతే చిన్నాయన హార్మోనియం పక్కన కూచుని తాళాలు వేస్తాడు.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు ఫోన్లో మళ్లీ అదే పాట పెట్టాను, ఈసారి జపాన్‌ది. ఆయనకి ఒకవైపు ఇయర్‌ఫోన్, నాకొకటి. మూడో మెట్టు అయ్యాక అడిగాడు.

"ఇబ్బుడు ఎక్కతాండాడా?"

"లేదు చిన్నాయనా. ఇరవై ఏండ్లు దాటిపాయ, మానేసినాడు."

"ఎవురన్నా వద్దన్నారా?"

"ఎవురూ అనలా. ఆయనే వద్దనుకున్న్యాడు."

కాసేపు ఏమీ అనలేదు. గిటార్ పరుగులు తీస్తోంది, ఆయనకి దాంతో పని లేదు. తర్వాత, "కింద శ్రుతి పట్టుకోనుండేది ఎవురు?" అన్నాడు.

జాన్ లార్డ్ అని, 2012లో పోయినాడని చెప్పాను.

"మొదట్నించీ పెట్టు," అన్నాడు, "వీడు పాడేది కాదు. ఆయప్ప పెట్టె వాయించేది వినల్ల."